బట్ట కాల్చి మీద వేస్తే మసి ఎవరికి అంటుతుంది?

గుంటూరు బ్రాడీపేటలో పొద్దున్నే ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా రాష్ట్ర రాజకీయాలన్నీ చెవిన పడతాయి. ఆ మధ్య ఒకాయన ఫోన్ తీసి నలభై సెకన్ల ఆడియో పెట్టాడు. ఎవరో నాయకుడి గొంతులా ఉంది, ఎవరితోనో డబ్బు లెక్క మాట్లాడుతున్నట్టుంది. ఆటోల హారన్లలో సగం వినపడలేదు. విన్న నలుగురిలో ఇద్దరు వెంటనే నమ్మేశారు. మూడో ఆయన "ఇది ఏఐతో చేసిందిలే బాబూ" అని కొట్టిపారేశాడు. నాలుగో ఆయన గ్లాసు కింద పెట్టి, "నిజమో కాదో మనకెందుకు గానీ, నిప్పు లేనిదే పొగ రాదుగా" అన్నాడు.

రాజకీయ నిందల వ్యాపారమంతా ఆ నాలుగో ఆయన మీదే నడుస్తుంది. నమ్మినవాళ్లు ఎలాగూ ఆ పార్టీ మనుషులే, కొట్టిపారేసినవాడు ఈ పార్టీ మనిషి. మధ్యలో ఉన్నవాడి మనసులో 'ఏదో ఉండే ఉంటుంది' అన్న మరక మిగిలితే చాలు, పని అయిపోయినట్టే. మనవాళ్లు దీనికి ఎప్పుడో పేరు పెట్టారు: బట్ట కాల్చి మీద వేయడం. వేసినవాడు చేతులు దులుపుకుని పోతాడు, తుడుచుకోవాల్సింది పడ్డవాడే.

ఆ మసి ఎలా తయారవుతుంది, చట్టం దాన్ని ఎంతవరకు కడగగలదు, చివరికి ఎవరి ఒంటికి అంటుకుని మిగిలిపోతుంది అన్నది చూద్దాం. నాకు అర్థమైనంతలో, నాయకుడి మీద వేసిన మసి నాయకుడి కన్నా ఆయన చుట్టూ, ఆయన కింద ఉన్నవాళ్లకే ఎక్కువ అంటుతుంది.

అభిప్రాయం, విమర్శ, ఆరోపణ, నింద

ఈ నాలుగింటినీ మనం ఒకే గాటన కట్టేస్తాం. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. గుంటూరులో ఒక ఎమ్మెల్యే ఉన్నాడు, ఆయన గురించి నాలుగు మాటలు వినిపిస్తున్నాయి.

"ఆయన ఉత్త చేతకాని మనిషి." ఇది అభిప్రాయం. ఎంత ఘాటుగా అన్నా దీన్ని నిజమనో అబద్ధమనో తేల్చే కొలబద్ద లేదు. "ఐదేళ్లలో మా కాలనీ డ్రైనేజీ పూర్తి చేయించలేకపోయాడు." ఇది విమర్శ. వెళ్లి కాలువ చూస్తే తేలిపోతుంది. "టెండరు పిలవకుండా ఆ పని తన బావమరిదికి ఇప్పించాడు." ఇది ఆరోపణ. కార్పొరేషన్‌లో ఫైలు ఉంటుంది, సమాచార హక్కు కింద అడగొచ్చు, నిజమైతే ఆయన ఇరుక్కుంటాడు, అబద్ధమైతే అన్నవాడు ఇరుక్కుంటాడు. "ఆ డబ్బుతోనే హైదరాబాద్‌లో ఇంకో కాపురం పెట్టాడంట." ఇది నింద.

నాలుగోదానికి ఫైలు లేదు, తేదీ లేదు, చెప్పినవాడి పేరు లేదు. చివర ఒక 'అంట' ఉంది. తెలుగులో ఈ ఒక్క ముక్క చేసే పని అంతా ఇంతా కాదు. మాట బయటికి వచ్చేస్తుంది, బాధ్యత మాత్రం ఎవరి మీదా ఉండదు. తెలిసి అబద్ధమాడటం ఒక్కటే నింద అనుకుంటాం గానీ, నిజమో కాదో పట్టించుకోకుండా ఎదుటివాడి పరువు మీదికి ఒక మాట వదలడం కూడా నిందే.

ఇక్కడ మెలికలున్నాయి. రుజువు కానంత మాత్రాన ఆరోపణ నింద అయిపోదు. 2జీ స్పెక్ట్రమ్ వ్యవహారంలో 1.76 లక్షల కోట్ల నష్టం అని 2010లో కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్) నివేదిక అంచనా వేసింది. 2017 డిసెంబర్ 21న ప్రత్యేక కోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. అంతమాత్రాన ఆడిటర్ లెక్క బురద చల్లడం కిందికి రాదు. ఆయన కాగితాలు చూపించి, లెక్క ఇలా వేశానని చెప్పాడు. ఒప్పుకోనివాళ్లు ఆ లెక్క మీదే వాదించగలిగారు. ఆరోపణకు అలా వాదించడానికి ఒక నేల ఉంటుంది.

అసలు చిక్కు రెండూ కలిసిపోయినప్పుడు వస్తుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు మనం చూసింది ఇదే. ముఖ్యమంత్రి ఇల్లు మునగకుండా ఉండటానికే వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు ఎత్తి నగరాన్ని ముంచారని ప్రతిపక్షం అంది. ప్రకాశం బ్యారేజీకి పడవలు కొట్టుకొచ్చి గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నప్పుడు, అది ప్రతిపక్షం వాళ్ల కుట్రేనని అధికార పక్షం అంది. రెండు మాటల్నీ విడగొట్టి చూడండి. గేట్లు ఎప్పుడు ఎత్తారు, ఎన్ని క్యూసెక్కులు వదిలారు అన్నది లాగ్ పుస్తకంలో ఉంటుంది. పడవలు ఎవరివి, ఎక్కడ కట్టేశారు అన్నది రిజిస్ట్రేషన్, సాక్షులు చెబుతారు. ఇవి తేలే విషయాలు. 'ఇల్లు కాపాడుకోవడానికే', 'కుట్రతోనే' అన్నవి మనసులో మాటలు, వాటికి వేరే రుజువు కావాలి. టీవీ చర్చల్లో తేలే ముక్క వెనక్కి పోయింది, తేలని ముక్కే స్క్రోలింగ్‌లో మిగిలింది. నడుముల్లోతు నీళ్లలో పాల ప్యాకెట్ కోసం నిలబడ్డవాడికి కావాల్సింది గేట్ల లెక్క. ఆయనకు వినపడింది మాత్రం ఉద్దేశాల గొడవ.

సత్రాజిత్తు ఒక్క మాట, కృష్ణుడి ఇరవై ఎనిమిది రోజులు

ఏటా వినాయక చవితి నాడు అక్షింతలు పట్టుకుని వినే కథ నిజానికి నింద మీద కథే. సత్రాజిత్తు దగ్గర శమంతకమణి ఉంది. కృష్ణుడు ఒకసారి అడిగాడు, ఆయన ఇవ్వలేదు. తర్వాత తమ్ముడు ప్రసేనుడు మణి వేసుకుని వేటకు వెళ్లి తిరిగి రాలేదు. అంతే, కృష్ణుడే చంపి మణి కాజేశాడని సత్రాజిత్తు అన్నాడు. అడిగిన మాట నిజం. ప్రసేనుడు కనపడకపోవడం నిజం. రెండు నిజాల మధ్య పెట్టిన ముడి ఒక్కటే అబద్ధం. గట్టి నిందలన్నీ ఇలాగే ఉంటాయి, పూర్తిగా గాల్లోంచి పుట్టినవి తక్కువ.

తర్వాత పని చూడండి. మాట అన్నవాడికి ఒక్క క్షణం పట్టింది. పడ్డవాడు ఊరి జనాన్ని వెంటబెట్టుకుని అడవికి పోయి, శవాన్ని, సింహం అడుగుల్ని, ఎలుగు అడుగుల్ని వెతుక్కుంటూ గుహలో దూరి, జాంబవంతుడితో ఇరవై ఎనిమిది రోజులు కుస్తీ పట్టాల్సి వచ్చింది. 'నేను తీయలేదు' అని ద్వారకలో ప్రెస్ మీట్ పెడితే చాలదని కృష్ణుడికి తెలుసు. మణి నిజంగా ఎటు పోయిందో చూపించాడు.

దీన్ని ఈ కాలం పరిశోధకులు ప్రయోగం చేసి మరీ చూశారు. 1994లో జాన్సన్, సైఫర్ట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరికి ఒక గోదాము తగలబడిన వార్తను ముక్కలు ముక్కలుగా చదివించారు. మొదట, అల్మారాలో ఆయిల్ పెయింటు డబ్బాలు, గ్యాస్ సిలిండర్లు ఉన్నాయని చెప్పారు. కాసేపటికి, ఆ మాట తప్పు, అల్మారా ఖాళీగా ఉందని దిద్దారు. దిద్దిన సంగతి చదివినవాళ్లకు గుర్తుంది. అయినా పొగ అంత ఎక్కువగా ఎందుకు వచ్చిందని అడిగితే, చాలామంది మళ్లీ పెయింటు గురించే చెప్పారు. 'కాదు' అన్న మాట మనసులో ఒక ఖాళీ వదిలేస్తుంది, ఆ ఖాళీలోకి పాత అబద్ధమే తిరిగి వచ్చి కూర్చుంటుంది. ఎవరో కావాలని నిప్పు పెట్టారని ఇంకో కారణం చూపించినప్పుడు మాత్రం పెయింటు ప్రస్తావన బాగా తగ్గింది. కృష్ణుడి సింహం అడుగులు చేసింది ఆ పనే.

ఒకే మాట పదిసార్లు వింటే నిజంలా అనిపిస్తుందన్నది 1977 నుంచీ ప్రయోగాల్లో తేలుతూ వస్తోంది. వేగం సంగతి 2018లో ఎంఐటీ పరిశోధకులు లెక్క కట్టారు. 2006 నుంచి 2017 దాకా ట్విటర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలు చూస్తే, నిజం కన్నా అబద్ధాన్ని జనం ముందుకు పంపే అవకాశం 70 శాతం ఎక్కువగా ఉంది. 1,500 మందికి చేరడానికి నిజానికి అబద్ధం కన్నా ఆరు రెట్లు సమయం పట్టింది. అన్నిటికన్నా దూరం పోయినవి రాజకీయ అబద్ధాలే. ఇది బాట్ల (దానంతటదే పోస్టులు పెట్టే ప్రోగ్రాముల) పని కూడా కాదట, మనుషుల పనే. కొత్తగా, ఆశ్చర్యంగా ఉన్నదాన్ని ముందు మనమే చెప్పాలన్న యావ.

వంట ఎలా చేస్తారు

ఇప్పుడు ఎక్కువగా వాడేది కత్తిరింపు. గంట ప్రసంగంలోంచి పది సెకన్లు తీస్తారు. గొంతు ఆయనదే, మాటా ఆయనదే, కాబట్టి 'ఫేక్' అని కొట్టిపారేయడానికి లేదు. ముందూ వెనకా లేకపోవడం ఒక్కటే మోసం. జర్మనీలో కాసెల్ ప్రాంతానికి వాల్టర్ ల్యూబ్కే అనే జిల్లా స్థాయి పెద్ద అధికారి ఉండేవాడు. 2015 అక్టోబర్‌లో శరణార్థుల శిబిరం మీద జరిగిన ఊరి సమావేశంలో కొందరు గోల చేస్తుంటే, మన విలువలు నచ్చనివాళ్లకు ఈ దేశం విడిచి వెళ్లే స్వేచ్ఛ ఉందని అన్నాడు. ఆ ఒక్క ముక్కను వీడియో తీసి నెట్‌లో పెట్టారు. ఎదుట ఉన్న గోల, అంతకుముందు ఆయన చెప్పిందంతా పోయింది. సొంత జనాన్నే దేశం వదిలి పొమ్మన్నాడని అది నాలుగేళ్లు తిరిగింది. 2019 జూన్ 1 రాత్రి ఆయన తన ఇంటి వరండాలో ఉండగా, ఆ సమావేశానికి వచ్చినవాళ్లలో ఒకడే తలకు తుపాకీ గురిపెట్టి కాల్చేశాడు.

ఇంకొకటి ప్రశ్న వేషం. "ఫలానా ఆయన ఆ రాత్రి ఎక్కడున్నాడు?" అని థంబ్‌నెయిల్ పెడతారు. లోపల ఏమీ ఉండదు. ప్రశ్న అడిగానంతే అంటాడు, కేసు పెట్టడానికి చిక్కడు. మూడోది ముద్ర. మన దగ్గర ఇది ఎంత మామూలైపోయిందంటే, ఎదురు మాట్లాడినవాడు ఒకరికి 'పేటీఎం బ్యాచ్', ఇంకొకరికి 'పచ్చ బ్యాచ్'. ముద్ర వేశాక ఆ మనిషి చెప్పిన విషయం వినే పనే లేదు. డబ్బు తీసుకున్నాడని చెప్పకుండానే చెప్పేసినట్టు. దీన్ని మనం నింద కింద లెక్క కూడా వేయం.

ఇక మార్ఫింగ్, ఏఐ గొంతులు. వీటి గురించి భయం బాగానే ఉంది, కానీ వాటి రెండో వైపు అంతే ముఖ్యం. ఏదైనా చేయగలరని జనానికి తెలిశాక, నిజంగా దొరికిపోయినవాడు కూడా 'అది ఏఐ' అని తప్పించుకోగలడు. టీ కొట్టు దగ్గర మూడో ఆయన అన్నది అదే. ఆయన ఆడియో అబద్ధమని తేల్చుకుని అనలేదు. అనుకూలంగా ఉందని అన్నాడు.

చట్టం ఎక్కడిదాకా వస్తుంది

మళ్లీ ఊహా ఉదాహరణకే వద్దాం. పోలింగ్ సోమవారం. శనివారం సాయంత్రంతో ప్రచారం ముగిసింది. ఆ రాత్రి పదకొండింటికి ఒక అసెంబ్లీ అభ్యర్థి గొంతుతో, ఒక కులాన్ని తిడుతున్నట్టు నకిలీ ఆడియో వాట్సాప్‌లో దిగింది. ఆయన చేతిలో ఏమున్నాయి?

ఎన్నికల నియమావళి ఉంది. ఎదుటి పార్టీ విధానాల్ని, గత పనితీరును విమర్శించుకోండి గానీ, ప్రజా జీవితంతో సంబంధం లేని వ్యక్తిగత విషయాల జోలికి పోవద్దు, రుజువు లేని ఆరోపణలు చేయొద్దు అని అందులో స్పష్టంగా రాసి ఉంది. రిటర్నింగ్ అధికారికి ఫిర్యాదు ఇవ్వొచ్చు. కానీ నియమావళి పార్టీలకు, అభ్యర్థులకు. ఆడియో వచ్చింది ఎవరిదో తెలియని నంబర్ నుంచి.

భారతీయ న్యాయ సంహితలో 175వ సెక్షన్ ఉంది. అభ్యర్థి నడత గురించి తెలిసి అబద్ధం ప్రచురించి ఎన్నికను ప్రభావితం చేస్తే నేరం. శిక్ష ఎంతంటే, జరిమానా. జైలు లేదు. 356వ సెక్షన్ పరువు నష్టం, పాత 499, 500 సెక్షన్లు ఇప్పుడు ఇందులోకి వచ్చాయి. రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. కాకపోతే ఇందులో పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టరు. పరువు పోయినవాడే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లి ఫిర్యాదు దాఖలు చేసుకోవాలి. నిజం చెప్పాను అన్న ఒక్క సమాధానం కూడా ఇక్కడ సరిపోదు, ఆ నిజం బయటపెట్టడం ప్రజా ప్రయోజనం కోసమని చూపించాలి. సివిల్ దావాలో నిజం ఒక్కటే చాలు, అది వేయడానికి గడువు ఏడాది. నకిలీ ఆడియో, మార్ఫింగ్ లాంటివాటికి 336(4) ఉంది: పరువు తీయడానికి ఎలక్ట్రానిక్ రికార్డును ఫోర్జరీ చేస్తే మూడేళ్ల దాకా జైలు.

అన్నిటికన్నా పదునైనది 1951 ప్రజా ప్రాతినిధ్య చట్టంలోని 123(4). అభ్యర్థి వ్యక్తిగత నడత మీద అబద్ధపు ప్రచారం చేయడాన్ని అది అవినీతి చర్య అంటుంది. రుజువైతే గెలిచినవాడి ఎన్నికే రద్దవుతుంది, ఆరేళ్ల దాకా పోటీకి అనర్హత రావచ్చు. ఫలితం ప్రకటించిన 45 రోజుల్లో హైకోర్టులో, అంటే మనకు నేలపాడులో, పిటిషన్ వేయాలి. వినడానికి బాగానే ఉంది. కానీ నాలుగు గడపలు దాటాలి. అది అభిప్రాయం అయితే చాలదు, వాస్తవంగా చెప్పిన మాట అయి ఉండాలి. రాజకీయ పనితీరు మీద అయితే చాలదు, వ్యక్తిగత నడత మీద అయి ఉండాలి. చెప్పినవాడికి అది నిజమన్న నమ్మకం లేదని చూపించాలి. నాలుగోది కొండంత గడప: ఆ పని అభ్యర్థో, ఆయన ఏజెంటో, లేదా వాళ్ల సమ్మతితో ఇంకొకరో చేసి ఉండాలి. శనివారం రాత్రి వచ్చిన తెలియని నంబర్‌కీ, గెలిచిన అభ్యర్థి సమ్మతికీ మధ్య దారం ఎక్కడుంది? నింద ఎప్పుడూ పేరులేని చేతుల మీదుగా రావడానికి కారణం పిరికితనం అనుకుంటాం. అందులో సగం లాయర్ల సలహా.

సోమవారం సాయంత్రానికి ఓట్లు పెట్టెలో పడిపోయాయి. పిటిషన్‌ను ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని అదే చట్టం అంటుంది. ప్రయత్నం అన్న మాట అక్కడ ఊరికే పెట్టలేదు.

కోర్టుకు వెళ్లినవాడి గతి

పరువు నష్టం వేసి గెలిస్తే మచ్చ పోతుంది కదా అంటారు. వందేళ్ల కిందటి జర్మనీలో ఇద్దరు ఆ దారిలో వెళ్లారు. ఈ ఇద్దరి గురించీ కాస్త వివరంగా చెప్పాలి.

మొదటి ప్రపంచ యుద్ధం ఓడిపోయాక, 1918 నవంబర్ 11న జర్మనీ తరఫున కాల్పుల విరమణ మీద సంతకం పెట్టిన రాజకీయ నాయకుడు మథియాస్ ఎర్జ్‌బెర్గర్. ఓడింది సైన్యం, సంతకం ఈయనది. సైన్యం ఓడలేదు, లోపలివాళ్లే వెన్నుపోటు పొడిచారన్న నింద పుట్టింది. దాని మీద కార్ల్ హెల్ఫెరిష్ అనే ప్రత్యర్థి, ఎర్జ్‌బెర్గర్ అవినీతిపరుడు, అబద్ధాలకోరు అంటూ వరసగా వ్యాసాలు రాశాడు. ఎర్జ్‌బెర్గర్ కోర్టుకు వెళ్లాడు. విచారణ నడుస్తుండగానే, 1920 జనవరిలో కోర్టు బయట ఒక యువకుడు ఆయన మీద కాల్పులు జరిపాడు, భుజానికి గాయమైంది. మార్చిలో తీర్పొచ్చింది. హెల్ఫెరిష్‌కు 300 మార్కుల జరిమానా వేశారు. అంటే కాగితం మీద ఎర్జ్‌బెర్గర్ గెలిచాడు. కానీ ఆరోపణల్లో కొన్నిటికి ఆధారం ఉందని అదే తీర్పు అంది. ఆయన మంత్రి పదవి వదులుకున్నాడు. 1921 ఆగస్టు 26న అడవి దారిలో నడుస్తుంటే ఇద్దరు మాజీ సైనికాధికారులు కాల్చి చంపారు.

రెండో మనిషి దేశాధ్యక్షుడు ఫ్రీడ్రిష్ ఎబర్ట్. యుద్ధం మధ్యలో 1918 జనవరిలో ఆయుధ కార్మికుల సమ్మె కమిటీలో చేరాడు కాబట్టి దేశద్రోహి అన్నారు. సమ్మెను త్వరగా ముగించడానికే చేరానని ఆయన వాదన. పరువు కోసం వందకు పైగా కేసులు వేశాడు. 1924 డిసెంబర్‌లో మాగ్డెబర్గ్ కోర్టు ఒక సంపాదకుడికి మూడు నెలల శిక్ష వేసింది, అవమానించినందుకు. కానీ చట్టం భాషలో చూస్తే ఎబర్ట్ చేసింది దేశద్రోహమేనని కూడా రాసింది. శిక్ష ఎవరికీ గుర్తు లేదు, ఆ ఒక్క వాక్యం ఊరూరా తిరిగింది. అప్పీలు పనుల్లో పడి ఆయన అపెండిసైటిస్‌కు వైద్యం వాయిదా వేశాడు. 1925 ఫిబ్రవరి 28న చనిపోయాడు, వయసు 54. ఆ ఖాళీలో హిండెన్‌బర్గ్ అధ్యక్షుడయ్యాడు. 1933 జనవరి 30న హిట్లర్‌ను చాన్సలర్‌గా నియమించిన చెయ్యి అది. ఒక్క నింద వల్లే నాజీలు వచ్చారనడం అతి అవుతుంది, ఆర్థిక మాంద్యం లేకుండా ఆ కథ నడవదు. కానీ ప్రజాస్వామ్యాన్ని నిలబెట్టిన మనుషులందరూ దొంగలు, ద్రోహులు అని పదేళ్లు విన్న జనం, దాన్ని కూల్చేవాడు వచ్చినప్పుడు అడ్డుపడటానికి కారణం వెతుక్కోలేదు.

మన దగ్గర దెబ్బ తగిలింది ఎవరికి

2021 అక్టోబర్ 19. గంజాయి, డ్రగ్స్ మీద ఆరోపణలు, నోటీసుల గొడవలో ఒక టీడీపీ అధికార ప్రతినిధి విలేకరుల ముందు అప్పటి ముఖ్యమంత్రి జగన్‌ను ఒక బూతు మాట అన్నాడు. అది నింద కన్నా తిట్టు అనాలి. కొన్ని గంటల్లో మంగళగిరిలో టీడీపీ కేంద్ర కార్యాలయం మీద, విజయవాడలో ఆ నాయకుడి ఇంటి మీద దాడులు జరిగాయి. తర్వాత చంద్రబాబు 36 గంటల దీక్ష, దానికి పోటీగా వైఎస్సార్సీపీ జనాగ్రహ దీక్ష. మాట అన్న నాయకుడు అరెస్టయ్యాడు, హైకోర్టులో బెయిలు వచ్చింది. మరి దెబ్బలు తిన్నది? ఆ వేళకు ఆఫీసులో ఉన్న సిబ్బంది. కేసుల్లో ఇరుక్కున్నది? ఎక్కువమంది వెంట వెళ్లిన కార్యకర్తలు. 2024లో ప్రభుత్వం మారాక ఆ ఫైలు మళ్లీ తెరిచారు, మూడేళ్ల నాటి ఆవేశానికి అప్పుడు అరెస్టులు మొదలయ్యాయి. మొదట లేచిన ప్రశ్న, అంటే గంజాయి ఎక్కడి నుంచి వస్తోంది అన్నది, ఆ సాయంత్రానికే ఎవరికీ గుర్తు లేదు.

రెండో వరసలో మసి పడేది ఇంట్లో ఆడవాళ్ల మీద. 2021 నవంబర్ 19న తన భార్యను సభలో అవమానించారని చంద్రబాబు మీడియా ముందు కంటతడి పెట్టారు, ముఖ్యమంత్రిగానే తిరిగి సభకు వస్తానన్నారు. తాము అలా అనలేదని వైఎస్సార్సీపీ చెప్పింది. 2025 ఏప్రిల్‌లో జగన్ భార్య మీద అసభ్యంగా మాట్లాడిన టీడీపీ సోషల్ మీడియా కార్యకర్తను ఆ పార్టీయే సస్పెండ్ చేసింది, గుంటూరు పోలీసులు అరెస్టు చేశారు. ఇద్దరు స్త్రీలలో ఎవరూ ఆ రోజు ఏ పోటీలోనూ లేరు. పేరున్న ఇళ్లు కాబట్టి ఈ రెండూ వార్తయ్యాయి. పంచాయతీ ఎన్నికల్లో వార్డుకు నిలబడదామనుకుని, గ్రూపులో ఒక ఫొటో చూసి ఇంట్లోవాళ్లు "మనకెందుకమ్మా" అంటే ఆగిపోయిన ఆవిడ ఎక్కడా వార్త కాదు.

చట్టం బిగిస్తే పోదా?

ఇక్కడ రెండు వాదనలున్నాయి, రెండిటికీ బలం ఉంది.

ఒక వైపు వాళ్లు, పరువు కూడా ప్రాణంతో సమానమే అంటారు. 2016 మే 13న సుబ్రమణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఆ మాటే అంది. పరువు 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని, పరువు నష్టాన్ని నేరంగా ఉంచడం రాజ్యాంగ విరుద్ధం కాదని తీర్పిచ్చింది. సివిల్ దావా వేసి పదేళ్లు తిరిగే స్తోమత మామూలు మనిషికి లేదు, జైలు భయం లేకపోతే నోరు ఆగదు అన్నది వీళ్ల మాట.

రెండో వైపు వాళ్లు, ఆ కర్ర ఎప్పుడూ ఎవరి చేతిలో ఉంటుందో చూడమంటారు. తమిళనాడులో జయలలిత ప్రభుత్వం ఐదేళ్లలో రెండొందలకు పైగా పరువు నష్టం కేసులు పెట్టింది, 2016లో సుప్రీంకోర్టే దాన్ని తప్పుబట్టింది. 'మోదీ' ఇంటిపేరు మీద మాటకు రాహుల్ గాంధీకి 2023 మార్చి 23న సూరత్ కోర్టు రెండేళ్లు వేసింది. లోక్‌సభ సభ్యత్వం పోవడానికి కనీసం కావాల్సిందీ సరిగ్గా రెండేళ్లే. మర్నాడే పోయింది. ఆగస్టు 4న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. మన రాష్ట్రంలో 2019 అక్టోబర్‌లో వైఎస్సార్సీపీ ప్రభుత్వం జీవో 2430 తెచ్చి, తప్పుడు వార్తల మీద కేసులు వేసే అధికారం శాఖల కార్యదర్శులకు ఇస్తే, పత్రికల గొంతు నొక్కుతున్నారని టీడీపీ అంది. 2024 నవంబర్‌లో సోషల్ మీడియా పోస్టుల మీద వరసగా అరెస్టులు జరిగితే, అదే మాట వైఎస్సార్సీపీ అంది. కుర్చీలు మారాయి, డైలాగులు ఇచ్చిపుచ్చుకున్నారు.

నడిమి దారి 1994లోనే సుప్రీంకోర్టు రాజగోపాల్ కేసులో చూపించింది. ప్రభుత్వ అధికారి విధి నిర్వహణ మీద రాసినదానికి, తప్పని తెలిసీ లేదా నిజానిజాలు చూసుకోకుండా రాశారని రుజువైతేనే నష్టపరిహారం అడగాలి అంది. మరి నిజానిజాలు ఎవరు తేల్చాలి? తన గురించి వచ్చే వార్తల్లో ఏది అబద్ధమో కేంద్ర ప్రభుత్వపు సొంత యూనిటే తేల్చే ఐటీ నిబంధనను 2024 సెప్టెంబర్‌లో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. ఫిర్యాదుదారు, జడ్జి ఒకరే కాకూడదన్న అనుమానం న్యాయమైనదే. ఆ పని ప్లాట్‌ఫామ్‌కు అప్పగిస్తే అమెరికాలో కూర్చున్న కంపెనీ మన గుంటూరు గొడవ తేల్చాలి. నాకైతే ఇందులో ఏదీ పూర్తిగా మింగుడుపడలేదు.

వేగం మీద మాత్రం కొంత పని జరిగింది. 2018లో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డును ఐదు చాట్లకు తగ్గించింది, 2020లో ఎక్కువసార్లు తిరిగినవాటిని ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. 2024 మే 6న ఎన్నికల సంఘం, నకిలీ వీడియోలు, ఆడియోలు తమ దృష్టికి వచ్చిన మూడు గంటల్లో తీసేయాలని పార్టీలను ఆదేశించింది. ఆంధ్రలో పోలింగ్‌కు అప్పటికి వారం ఉంది. ఆ ఆదేశం పార్టీల ఖాతాలకు పనిచేస్తుంది. తీసేసే నాటికే ఫోన్లలోకి దిగిపోయినవాటికి గడువు ఏదీ లేదు. బ్రాడీపేట టీ కొట్టు దగ్గర విన్న ఆ నలభై సెకన్లు ఆయన ఫోన్లో ఇప్పటికీ ఉన్నాయి, మొన్న ఇంకెవరికో వినిపిస్తుంటే చూశాను.